గెంటేస్తేనే ప్రవేశం

"రాజీనామాలు చెల్లవండీ. గెంటించుకుని రండి," అంది వెంకటరత్నమ్మ, వంటింట్లో కుర్చీ వేసుకుని ఫోనులోంచి తలెత్తకుండానే.

బసవపున్నయ్యకు ఒళ్లు మండింది. ఆరు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. సరిగ్గా ఆరింటికి మైలవరం అమ్మగారు తన భార్య ఫోన్లో నడిపే గ్రూపులోకి వస్తున్నారు. ఏడాదంతా మౌనంలో ఉండే ఆవిడ ఈ ఒక్క గంట ఎవరేం అడిగినా జవాబు చెబుతారు. "నేను అనేది నాలోంచి ఎప్పుడు పోతుంది తల్లీ?" అని ఆవిడను అడగాలని కాగితం మీద రాసుకున్న ప్రశ్న, చొక్కా జేబులో చెమటకు తడిసిపోతోంది. ఈ గంట దాటితే మళ్లీ ఏడాది ఆగాలి.

"కట్టుకున్న మొగుణ్ణి కూడా చేర్చుకోవా?"

"మా గ్రూపుకి రూలు ఒక్కటేనండీ. మీ గ్రూపులోంచి గెంటేసినవాళ్లకే చోటు. గెంటేసినట్టు మీ ఫోన్లో వస్తదిగా, అది ఫొటో పంపాలి. రెండొందల పద్నాలుగు మందిమి అట్టాగే చేరాం. ఆరింటికి తలుపేసేస్తాం."

ఆవిణ్ణి అని ఏం లాభం లెండి! బసవపున్నయ్య గారి 'సత్యాన్వేషణ' గ్రూపుకి ముప్పయ్యొక్క రూళ్లు. శుభోదయం అంటే అవుట్. దండం బొమ్మ పెడితే అవుట్. వెంకటరత్నమ్మ అలాగే పోయింది పాపం, ఆయనకే కాఫీ కలుపుతూ. వారంలో ఒక్కసారైనా మాట్లాడకపోతే శ్రద్ధ లేదని అవుట్. రెండోసారి మాట్లాడితే అహంకారమని అవుట్. హెచ్చరికలూ గిచ్చరికలూ ఏమీ లేవు. తప్పు కనబడిందంటే చాలు, కళ్లు పూర్తిగా చదివేలోపే ఆయన బొటనవేలు మనిషిని తీసి అవతల పారేసేది. అంతలా అలవాటు పడిపోయింది ఆ వేలు.

"పోనీ రత్నం, నిన్ను మళ్లీ చేర్చుకుని అడ్మిన్ని చేస్తా. నువ్వే నన్ను తీసెయ్."

"అమ్మో! మళ్లీ చేరినదాన్ని గెంటేసినదాన్నెట్టా అవుతానండీ? ఉన్న చోటు కూడా పోద్ది."

ఇక గ్రూపులో మిగిలింది ఒకే ఒక్కడు, రహమతుల్లా. గవర్నర్‌పేటలో మంగళగిరి చీరల కొట్టు ఆయనది. రెండేళ్లుగా ప్రతి సోమవారం పొద్దున పదింటికి ఒకే ముక్క పెడతాడు: "ఆలోచిస్తున్నాను." వారం తిరిగేదాకా మళ్లీ నోరు మెదపడు. ముప్పయ్యొక్క రూళ్లలో ఒక్కదానికీ చిక్కలేదు. ఆణిముత్యమని బసవపున్నయ్య కనబడినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

గబగబా ఆయనకే ఫోను చేశాడు.

"రహమతుల్లా గారూ, నన్ను అర్జంటుగా గ్రూపులోంచి గెంటెయ్యాలండీ."

"తోబా తోబా! మిమ్మల్నా? ఎంత మాటన్నారండీ!"

బసవపున్నయ్య సంగతంతా ఏకరువు పెట్టాడు.

"అంటే... గెంటేస్తే అక్కడ మాట్లాడనిస్తారాండీ?"

"మాట్లాడనిస్తారు."

"ఎన్నిసార్లైనా?"

"ఎన్నిసార్లైనా. దండాలు కూడా పెట్టుకోవచ్చంట."

"అయితే ముందు నన్ను గెంటెయ్యండి సార్! మీకు పుణ్యముంటది. అమ్మగారిని అడగాల్సింది నాకూ ఒకటుందండీ."

"బావుంది! మిమ్మల్ని గెంటేస్తే నన్నెవరు గెంటుతారు?"

"మిమ్మల్ని గెంటేస్తే నా గతేంటండీ మరి?"

ఇద్దరికీ ఒకేసారి విషయం బోధపడింది. ముందు పోయినవాడికి అమ్మగారు, మిగిలినవాడికి గ్రూపు. గడియారం చూస్తే ఆరుకి ఏడు నిమిషాలుంది.

"పెద్దవాణ్ణండీ. కాస్త నా మొహం చూసైనా..." అన్నాడు బసవపున్నయ్య. గ్రూపు పెట్టిన దగ్గర్నుంచీ ఎవరినైనా బతిమాలడం ఆయనకిదే మొదలు.

రహమతుల్లా నిట్టూర్చాడు. "సరే కానివ్వండి. మీ మాట కాదంటానా? నన్ను అడ్మిన్ని చెయ్యండి."

బసవపున్నయ్య అడ్మిన్ని చేశాడు. "చేశానండీ. ఇక గెంటండి!"

"తప్పు చెయ్యకుండా ఎట్టా గెంటేదండీ? రూలొప్పుకోదుగా. మీరే పెట్టారుగా ఆ రూలు కూడా. గులాబీ పువ్వుతో ఒక శుభోదయం పడెయ్యండి, చాలు."

నిజమే, తప్పు లేకుండా తీసెయ్యడం తప్పు. అది ఇరవై ఏడో రూలు. ఉత్తముడు! ఈ సమయంలో కూడా రూలు తప్పడే అని బసవపున్నయ్యకు కళ్లు చెమర్చాయి.

"నా దగ్గర గులాబీ ఎక్కడుందండీ? ఒక్కటీ మిగల్చకుండా చెరిపేశాను."

"నేను వెతికి పంపనా?"

"పంపండి బాబూ, త్వరగా పంపండి!"

ఫోను పెట్టేసి తెర వంక కళ్లార్పకుండా చూస్తూ కూర్చున్నాడు. ఇంకా రెండు నిమిషాలుంది. ఫోను టింగుమంది. మంచు బిందువులతో ఎర్ర గులాబీ, దాని కింద బంగారు రంగు అక్షరాల్లో 'శుభోదయం'.

వచ్చింది ఆయన ఫోనుకి విడిగా కాదు, గ్రూపులోకి.

కళ్లు పూర్తిగా చదివేలోపే బొటనవేలు తన పని తాను చేసేసింది.

"అయ్యయ్యో!" అని బసవపున్నయ్య తల పట్టుకునేసరికి తెర మీద 'సభ్యులు: 1' అని ఉంది. రహమతుల్లాకి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

వంటింట్లోంచి వెంకటరత్నమ్మ కేకేసింది. "ఏవండీ, తలుపేసేస్తున్నాం! రహమతుల్లా గారు ఇప్పుడే వచ్చారు, ఆలోచించడం అయిపోయిందంట!"