కాఫీకి వెళ్ళని రోజు

“అది అంచు నొక్కడమా, దోమని నలపడమా?” అంటూ స్టెఫ్కా హేజెల్ చేతిలోంచి పిరోగీని లాక్కుని, వంటగదిలో అందరికీ ఎత్తి చూపించింది.

ఊరి హాలు కప్పు కురుస్తోంది. కొత్తది వెయ్యడానికి మగవాళ్ళు నిచ్చెనలతో సిద్ధంగా ఉన్నారు. రేకులు కొనాలంటే మాత్రం సాయంత్రం విందులో ఈ పిరోగీలు, అంటే నీళ్ళలో ఉడికించే బంగాళదుంప కజ్జికాయలు, అమ్ముడవ్వాలి. నలభై ఏళ్ళుగా ఈ వంటగదిలో స్టెఫ్కాదే పెత్తనం. హేజెల్ మూడేళ్ళ కిందట ఊరికి కోడలై వచ్చిన ఇంగ్లీషు పిల్ల.

“నీళ్ళలో పడగానే నోళ్ళు తెరుస్తాయి ఇవి,” అంటూ స్టెఫ్కా పొయ్యి దగ్గరున్నావిడ వైపు తిరిగింది. “లూబా! ఈ మహాతల్లి పళ్ళెం ఒక గిన్నెలో, నాది ఇంకో గిన్నెలో ఉడికించు. ఇవాళ కాఫీకి కూడా కదలను, దగ్గరుండి చూస్తా.”

“ఎందుకు పిన్నీ, కలిపేద్దాం,” అంది హేజెల్ గాభరాగా.

“భయమేసిందా తల్లీ?”

ఒక గిన్నెలో పిరోగీలు బొద్దుగా పైకి తేలాయి. రెండోదాంట్లో ఒక్కొక్కటే విచ్చుకుని, నీళ్ళన్నీ గంజయిపోయాయి.

“చూశారా! మా కుక్క కూడా ముట్టదు,” అంది స్టెఫ్కా.

లూబా గరిటె దించింది. “అది నీ గిన్నె, స్టెఫ్కా.”

“నాదెలా అవుతుంది? నావి ఏనాడైనా విడిపోయాయా?”

హేజెల్ తలెత్తలేదు. “మీరు కాఫీకి వెళ్ళినప్పుడల్లా మీ పళ్ళెంలో అంచులు నేను మళ్ళీ నొక్కుతాను పిన్నీ. ఇవాళ మీరు వెళ్ళలేదు.”

స్టెఫ్కా వంకర్లు తిరిగిన తన వేళ్ళకేసి చూసుకుంది. తను మడిచినవి, ఇంకా ఉడికించనివి, ఇంకో పళ్ళెం నిండా ఉన్నాయి. దాన్ని హేజెల్ ముందుకు తోసింది.

“అలా చూస్తావేం? నేను కాఫీకి వెళుతున్నా.”