ముత్తు పక్కన చోటు

సోగత్తూరులో రెండు వీధులవాళ్ళు కొట్టుకున్న రోజు, మాదమ్మ కొడుకు ముత్తు వాళ్ళ నడుమ చేతులు చాపి నిలబడ్డాడు. తలకు రాయి తగిలి చనిపోయాడు. ఒక ప్రాణం పోతేగాని వాళ్ళకు సిగ్గు రాలేదు. రెండు వీధులూ కలిసి ముత్తు రూపం చెక్కించిన వీరగల్లు నాటి, దాని చుట్టూ మందిరం కట్టించాయి. లోపల ఎవరూ మాట్లాడకూడదని నియమం.

ఆ మందిరం ఊడ్చేది మాదమ్మే. చీకటి పడ్డాక దీపం పెట్టడానికి వచ్చేసరికి, సాయంత్రం ఊడ్చిన నేల మీద రాతిపొడి ఉంది. మళ్ళీ ఊడ్చింది. చీపురు పక్కన పెట్టేలోపే ఇంకాస్త రాలింది. ఎక్కడో ఉలి చప్పుడు, చాలా మెల్లగా.

"మా!" బయటినుంచి కూతురు విజి పిలిచింది. "రెండు వీధులోళ్ళూ మళ్ళా సండ పెట్టుకున్నారు. రాళ్ళు ఎత్తినారు. నేను పోయి నడుమ నిలుస్తాను. ముత్తన్న చెల్లెల్ని కొట్టరులే."

మాదమ్మ దీపం ఎత్తింది. ముత్తు పక్కన శిల్పి ఖాళీగా వదిలిన చోట, ఒక ఆడమనిషి రూపం పాదాల నుంచి మెడ దాకా తేలి ఉంది. ఎడమ పాదానికి చిటికెనవేలు లేదు. చిన్నప్పుడు గడ్డి కోస్తూ, కొడవలి తగిలి విజి పోగొట్టుకున్న వేలు అది.

"పోవద్దు పాపా!" నియమం మరచి అరుస్తూ మాదమ్మ గుమ్మం దాకా పరిగెత్తింది. విజి అప్పటికే వీధి మలుపు తిరిగింది.

కాసేపటికి ఊళ్ళో కేకలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

వెనకాల, ఉలి చప్పుడు కూడా ఆగింది.