జాలరిపేట పిలుపులు

భారత జట్టు కెప్టెన్ సాయిదుర్గ రెండు బెంచీల మీదా ఉన్నవాళ్లందరితో చేయి కలుపుతూ వచ్చింది. సరిగ్గా దేవి దగ్గరకు వచ్చేసరికి షూ లేసు గుర్తొచ్చింది. వంగింది, కట్టుకుంది, లేచి దేవిని దాటేసి పక్కనున్న ఫిజియో చేయి పట్టుకుని ఊపింది.

దేవికి ఒళ్లు మండిపోయింది. ఆ చేతికి బంతి పట్టడం నేర్పింది తనే.

విశాఖలో అంతర్జాతీయ పోటీ. మహిళల బాస్కెట్‌బాల్ సెమీఫైనల్. స్టేడియంలో ఓ వైపు గ్యాలరీ అంతా జాలరిపేటే. ఆడవాళ్లు చేపల గంపలు ఇంటి దగ్గర దించేసి, తల నిండా పూలు పెట్టుకుని మరీ వచ్చారు.

ఆ పేటలో ఎండుచేపలు ఆరబోసే సిమెంటు గచ్చు ఒకటుంది. సాయంత్రం చేపలు ఎత్తేశాక అదే దేవి కోర్టు. కరెంటు స్తంభానికి ఇనుప రింగు బిగించి ఈ పిల్లకు ఆట నేర్పింది. ఎత్తుగడల ఇంగ్లీషు పేర్లకు పిల్ల నోరు తిరక్కపోతే పడవ మాటలే పెట్టింది. ‘వల లాగు’ అంటే ఒక ఎత్తు, ‘లంగరెయ్’ అంటే ఇంకొకటి. ఇవాళ భారత జట్టంతా ఆ పిలుపుల మీదే ఆడుతోంది. పంజాబ్ నుంచి వచ్చిన పిల్ల కూడా ‘లంగరెయ్’ అని అరుస్తోంది!

ఇంత చేసినందుకు దేవికి దక్కిందేమిటి?

రెండేళ్ల కిందట జాతీయ శిబిరంలో దేవి అసిస్టెంట్ కోచ్. పాచిపోయిన అన్నం తిని పిల్లలంతా వాంతులు చేసుకున్నారు. జ్వరంతో కాలిపోతున్న సాయిదుర్గను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది దేవే.

“అక్కా, మేనేజర్ని నువ్వే అడగాల. మాకు బయం” అని ఏడ్చింది పిల్ల.

దేవి అడిగింది. గొడవైంది. విచారణ పెట్టారు. అక్కడ సాయిదుర్గ తల వంచుకుని, “తిండి బాగానే ఉందండి. అక్కకే కోపం ఎక్కువ” అంది.

దేవిని ఇంటికి పంపేశారు. నెల తిరక్కుండా సాయిదుర్గ కెప్టెనయింది. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో దేవికి అప్పుడే తెలిసింది. మళ్లీ ఒక జాతీయ జట్టు బెంచి మీద కూర్చోవడానికి ఇన్నాళ్లు పట్టింది. ఇవాళ గెలిస్తే ఈ ఉద్యోగం నిలుస్తుంది. ఓడితే మళ్లీ ఎండుచేపల గచ్చే గతి.

ఆట మొదలయ్యే ముందు సాయిదుర్గ తల్లి గంగాలమ్మ జనాన్ని తోసుకుంటూ బెంచి వెనక రెయిలింగు దగ్గరకొచ్చింది.

“దేవీ, మా అమ్మి సేసింది తప్పే. నాను కాదన్ను. కానీ ఈ పూట దానికి అన్నాయం సెయ్యకే తల్లీ. దాని గుట్టంతా నీకే గదా తెలుసు!”

“నా పని నాను సేసుకుంతాను పిన్నీ. నువ్వెల్లి కూకో.”

“అలాగంటే ఏటే? మాటియ్యి.”

దేవి మాటివ్వలేదు. కాదనీ అనలేదు. గంగాలమ్మ కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆట హోరాహోరీగా సాగింది. హెడ్ కోచ్ దేవి వైపు వంగి, చెప్పాల్సింది ఏమైనా ఉందా అని రెండుసార్లు అడిగాడు. ఏమీ లేదంది దేవి. గంగాలమ్మ ముఖం కళ్ల ముందు మెదులుతోంది.

విరామంలో టీవీవాళ్లు సాయిదుర్గ ముందు మైకు పెట్టారు.

“ఈ పిలుపులు భలే వింతగా ఉన్నాయండీ! ఎవరు నేర్పారు?”

“ఎవరూ నేర్పలేదండి. నేనే సొంతంగా కనిపెట్టాను” అంది సాయిదుర్గ. జాలరిపేట యాస ఎక్కడికి పోయిందో ఏమో, పలుకు పంచదార చిలకలా ఉంది.

పది అడుగుల దూరంలో దేవి వింది. మొదటిసారి భయపడి అబద్ధమాడిందని రెండేళ్లుగా తనకు తాను సర్దిచెప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఏ భయముందని? ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. మంచినీళ్ల సీసా ఎత్తి గటగటా తాగేసింది.

ఆఖరి నిమిషం. భారత జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. బంతి సాయిదుర్గ చేతిలో ఉంది. జాలరిపేట అంతా లేచి నిలబడింది.

అప్పుడు చూసింది సాయిదుర్గ, ఇంతసేపటికి, నేరుగా దేవి కళ్లలోకి. చిన్నప్పుడు తప్పు చేసి వచ్చి గచ్చు మీద నిలబడినప్పటి చూపే అది. ఏం చేసినా అక్క నన్నేమీ చెయ్యదులే అన్న ధీమా. ఒక్క క్షణం దేవి మనసు కరిగింది కూడా.

“తెడ్డెయ్!” అని అరిచింది సాయిదుర్గ.

ఎడమకు పోతున్నట్టు భుజం వంచి, చటుక్కున కుడికి తిరిగి బంతి వేసే ఎత్తు అది. బక్కపిల్ల బంతి మోయలేక తూలిపోతుంటే, ఆ తూలునే ఆటగా మార్చి దేవి కట్టిన ఎత్తు. ఇంతవరకూ దాన్ని ఎవరూ ఆపలేకపోయారు. సొంతంగా కనిపెట్టిందట!

దేవి బెంచి మీంచి లేచి, కొత్తగా నేర్చుకున్న సింహళంలో, “కుడికి తిరుగుతుంది, కుడివైపు కాయండి!” అని తన శ్రీలంక అమ్మాయిలకు గొంతు చించుకుని అరిచింది.