మూసిన షాపు ముందు వరుస

"ఏమయ్యా, నిన్నే! ఈ వరుస దేనికి?"

టైలరమ్మ అడగడం ఇది మూడోసారి. ముందున్న మనిషి తల దించుకునే ఉన్నాడు. కళ్ళు తప్ప ముఖమంతా తువ్వాలు చుట్టేసుకున్నాడు. ఎండా లేదు, దుమ్మూ లేదు, ఈ ముసుగెందుకో!

అతని ముందున్న ఆటో డ్రైవరు వెనక్కి తిరిగాడు. "పాలడబ్బాల లారీ వస్తుందటమ్మా. ఇక్కడే ఆపి తలా ఒకటి ఇస్తారట."

"ఎవరన్నారు?"

"ముందువాళ్ళు."

ముందువాళ్ళకు ఎవరు చెప్పారో ఆ దేవుడికే తెలియాలి. దేశం దివాలా తీసిన దగ్గర్నుంచి అందరి బతుకూ ఇంతే. ఎక్కడ నలుగురు నిలబడితే అక్కడ ఐదోమనిషి చేరడమే. టైలరమ్మకు మాత్రం వేరే దారేముంది? కూతురికి పాలు పడలేదు. మూడు నెలల మనవరాలికి నిన్నటినుంచి చక్కెరనీళ్ళే. ఏడ్చే ఓపిక కూడా లేక పడుకుని ఉంది.

ఎదురుగా ఉన్న కిరాణా షాపు షట్టరు దించి మూడు వారాలైంది.

"షావుకారు లోపల గుట్టలుగా దాచుంటాడు, రేటు పెరగాలని," అన్నాడు డ్రైవరు. "వాడు చేతికి చిక్కాలి గానీ, తోలు వలిచేయమూ!"

వరుసలో నలుగురైదుగురు అవునవునన్నారు. తువ్వాలు మనిషి మాత్రం తల ఇంకాస్త దించుకున్నాడు.

టైలరమ్మకు అనుమానం ముదిరింది. ఎవడీ మనిషి? షాపువాడు పంపిన వేగులవాడా? కళ్ళు అతని వీపు మీదే పెట్టింది. చిరిగిన కాలరు తిరగేసి కుట్టించుకున్నాడు. ఈ రోజుల్లో అందరూ చేయిస్తున్న పనే. కానీ ఆ ఎడమ భుజం? కుట్టు వేలెడు కిందికి దింపి ఉంది. మనిషికి ఆ భుజం కాస్త వాలు. ఆ కొలత తీసుకున్నదీ, ఆ కుట్టు వేసిందీ తనే!

అతని కాలరు పట్టుకుని, వంగి చెవి దగ్గర నోరు పెట్టింది. "షావుకారుగారూ! నా కుట్టు నేను పోల్చుకోలేననుకున్నారా?"

అతను కొయ్యబారిపోయాడు. "మెల్లగా అమ్మా... మీకు పుణ్యముంటుంది."

"దొంగచాటుగా మా మాటలు వినడానికొచ్చారా? షట్టరు ఎవరు పగలగొడతారోనని కాపలానా?"

"కాదమ్మా, నిజంగా కాదు."

"కథలొద్దు. నా కూతురికి పాలు పడలేదు. ఒక్క డబ్బా ఇప్పించండి, నోరు కుట్టేసుకుంటాను. లేదంటే ఇప్పుడే కేకేస్తా. ఆపైన మీ అదృష్టం, వీళ్ళ ఇష్టం."

బెదిరిస్తున్నందుకు ఆమెకే సిగ్గేసింది. అయినా పట్టుకున్న కాలరు వదల్లేదు.

అతను జేబులోంచి తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "మీరే తెరిచి చూసుకోండి. ఖాళీ అట్టపెట్టెలు తప్ప లోపల ఏమైనా ఉంటే నన్ను వీళ్ళకే అప్పగించండి."

"మరి ఇక్కడెందుకు నిలబడ్డారు?"

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మా కోడలికీ పాలు పడలేదమ్మా. ఇంతమంది నా షాపు ముందు నిలబడ్డారంటే, లారీ సంగతి మీకు తెలిసే ఉంటుందని నేనూ వచ్చి నిలబడ్డాను!"