స్తుతుల పెట్టె

అడిగినవాళ్ళకు దేవుడు ఇస్తూనే ఉన్నాడు. మరి అందుకున్నవాళ్ళు తిరిగొచ్చి ఒక్క మాట చెప్పరేం? ఏళ్ళ తరబడి వదలని ఈ అనుమానంతోనే కండక్టరుగారు ఆ శనివారం కూడా భోజనాల బల్ల మీద చీటీలు పరిచారు.

“మనవులు నలభై ఒకటి. స్తుతులు ఒకటి,” అన్నారు పైకే.

బల్లకు ఆ చివర ఆయన భార్య చొక్కాకు గుండీ కుడుతోంది. తలెత్తలేదు. ఆయన చీటీలతో మాట్లాడుకోవడం ఆమెకు అలవాటే.

బస్సు దిగి ఆరేళ్ళయినా సంఘంలో అందరికీ ఆయన కండక్టరుగారే. మందిరం గుమ్మం పక్కన గోడకు రెండు పెట్టెలుంటాయి, ఒకటి మనవులకు, ఒకటి స్తుతులకు. శనివారం వాటిని ఖాళీ చేసి, ఆదివారం పాస్టరుగారు చదవడానికి వీలుగా శుభ్రంగా కాపీ రాసివ్వడం ఆయన పని. పేరు లేకపోయినా చేతిరాతను బట్టి మనిషిని చెప్పేయగలరు. నర్సమ్మ అక్షరాలు మందుల చీటీలా ఉంటాయి. డ్రాయింగు మాస్టారు సున్నా చుట్టినా అందంగా ఉంటుంది. ఈ ఒక్క స్తుతి చీటీ మాత్రం ఏడాదిగా అంతుపట్టడం లేదు. గుండ్రటి చిన్న అక్షరాలు, కింద పేరుండదు, వారం తప్పదు.

పోయిన వారం, ‘ఒక సాయంత్రం ఇంట్లో టీవీ మోగలేదు, మాటలు వినిపించాయి. స్తోత్రం’ అని ఉంది. ఈ వారం, ‘మంగళవారం కూర బావుందన్నారు. స్తోత్రం’ అని.

“కూర బావుందనడం కూడా ఒక మేలేనా? ఎవడో గానీ ఆ మొగుడు మహానుభావుడు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయని భయం కాబోలు.”

ఆమె దారం కొరికి, చొక్కా దులిపి అందించింది. ఆయన తొడుక్కుని వీధిలోకి నడిచారు.

ఈసారి సంగతి నవ్వులాట కాదు మరి. పొద్దున పాస్టరుగారు తేల్చి చెప్పేశారు. “ఏడాదంతా ఒక్కరు వేసే చీటీకి గోడ మీద ఒక పెట్టె దండగండీ. ఆ చోట గడియారం పెడదాం. రేపు ఆరాధనలో అడుగుతాను. రాసినవాళ్ళు లేచి సాక్ష్యం చెబితే పెట్టె ఉంటుంది, లేకపోతే తీసేద్దాం.”

పెట్టె తీసేస్తే, తిరిగొచ్చి చెప్పేవాళ్ళు లేరని సంఘమంతా ఒప్పుకున్నట్టే. అది ఆయనకు మింగుడుపడలేదు. ఎలాగైనా ఆ మనిషిని కనిపెట్టాలి.

ఆ మొగుడు ఇతనేనేమోనని ముందు ప్లంబరు మీద అనుమానం. మనిషి నోట్లోంచి మాట రాదు. మందిరం కొళాయి దగ్గర దొరికాడు.

“ఏమయ్యా, ఇంట్లో ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడుతున్నావా?”

“నాకు సందేదండీ?” ప్లంబరు పానా తిప్పుతూనే ఉన్నాడు. “మా ఆవిడ మొదలెట్టిందంటే నేను తలూపడమే. ఊపీ ఊపీ మెడనొప్పి. మనవుల పెట్టెలో వేశాను, చూడలేదా?”

చూశారు. మెడనొప్పి చీటీ ఇతనిదే.

మరో రెండిళ్ళు తిరిగి, సాయంత్రానికి చేతులెత్తేసి ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డారు. ఇక అడగడానికి ఎవరూ మిగల్లేదు. భార్య టీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

“నువ్వు చెప్పు. మేలు పొందినవాళ్ళు ఎందుకు రాయరంటావ్?”

వెనక్కి తిరగబోయిన ఆమె ఆగింది. “నన్నా?”

“ఇక్కడ ఇంకెవరున్నారు?”

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. “అడిగేటప్పుడు చేతులు ఖాళీగా ఉంటాయండీ, రాయడం తేలిక. అడిగింది అందిన తర్వాత చేతులు నిండిపోతాయి. పెద్దాడి కోసం మూడేళ్ళు రోజూ మోకరించాను కదా. వాడు పుట్టిన రోజు దేవుణ్ణి తలుచుకోనేలేదు. పాలు, గుడ్డలు, ఏడుపు. నాలుగో రోజు గుర్తొచ్చింది. కదిలితే ఒళ్ళో వాడు లేస్తాడని, కూర్చునే చెప్పుకున్నాను.”

“ఏమని?”

“చేతులు ఖాళీ లేవు ప్రభువా, ఏమీ అనుకోకు, అని.”

కండక్టరుగారు నవ్వారు. “నాకెప్పుడూ చెప్పలేదే.”

“అప్పుడు మీరు డ్యూటీలో ఉన్నారు కదండీ.”

మాట మీద మాట వచ్చింది. టీ చల్లారింది. ఆమె మళ్ళీ కాచింది. అదీ చల్లారింది.

ఆదివారం పాస్టరుగారు రెండుసార్లు అడిగారు. “ఏడాదిగా స్తుతి చీటీలు వేస్తున్నవారు దయచేసి లేవండి.” కుర్చీలు కిర్రుమన్నాయి గానీ ఎవరూ లేవలేదు. ప్లంబరు మెడ నిమురుకున్నాడు. కండక్టరుగారు ఆడవాళ్ళ వైపు వరసలన్నీ వెతికారు. నర్సమ్మ ఆవులిస్తోంది. ఆయన భార్య పుస్తకంలో తర్వాతి పాట వెతుక్కుంటోంది. ఎవరి ముఖంలోనూ ఏమీ తేలలేదు.

ఆరాధన అయ్యాక స్క్రూడ్రైవరు ఆయనే అందుకున్నారు. ఇంకొకరి చేత తీయించడానికి మనసొప్పలేదు. నాలుగు మరలూ ఊడదీసి పెట్టెను కిందికి దించుతుంటే లోపల కాగితం కదిలిన చప్పుడైంది. నిన్న ఆయనే ఖాళీ చేసిన పెట్టె. మూత తీశారు. అవే గుండ్రటి చిన్న అక్షరాలు.

‘నిన్న మా ఆయన నన్ను ఒక మాట అడిగి, చెప్పింది చివరిదాకా విన్నారు, స్తోత్రం.’