మన్నళ్ళి సిద్దయ్య దరఖాస్తు

"నోరు మెదిపినవంటే బయటికి పంపిస్తడంట సారు. సమజైందా?" అన్నాడు పేష్కారు మాణిక్యప్ప.

గుండమ్మ తలూపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవార బల్ల మీద ఒదిగి కూర్చుంది.

బీదరు సర్కారు కచేరీలో ఆ పూట ఒకటే విచారణ. దరఖాస్తుదారు పేరు సిద్దయ్య, ఊరు మన్నళ్ళి. పోలీసు యాక్షన్ అయిన ఏడాది తాను కొలువున్న నవాబుగారి బగ్గీ తోలేవాడిగా ఆ కుటుంబంతోపాటు కరాచీకి పోయాడనీ, పదమూడేళ్ళకు ఆ దేశపు పాస్‌పోర్టు మీద తిరిగొచ్చాడనీ కాగితంలో ఉంది. మూడు నెలల వీసా. గడువు ఇంకా నాలుగే రోజులు. ఇక్కడ పుట్టినవాడేనని తేలితే శాశ్వతంగా ఉండనిస్తారు. తేలలేదా, పోలీసులే రైలెక్కించి సరిహద్దు దాటిస్తారు.

అదే జరిగితే తల్లిగారి తరఫు అని చెప్పుకోవడానికి గుండమ్మకు ఈ భూమ్మీద ఒక్కరూ మిగలరు. 

గంట కిందటే అధికారి, దరఖాస్తుదారు చెల్లెలిగా సాక్ష్యానికి వచ్చిన ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలడిగి జవాబులు రాసుకున్నాడు. ఇప్పుడు అవే నాలుగూ అతన్ని అడుగుతాడు. జవాబులు కలవాలి. అధికారిది మైసూరు వైపు, కన్నడం తప్ప రాదు. అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పేది మాణిక్యప్ప. పక్క కుర్చీలో, తమ ఊరివాడేనని సంతకం పెట్టాల్సిన మన్నళ్ళి పటేలు శంకరప్ప మీసం దువ్వుకుంటున్నాడు.

దరఖాస్తుదారును లోపలికి పిలిచారు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గుండమ్మ వైపు చూడలేదు.

"మీ ఇంటి వాకిట్ల ఏముండె?"

"రోలు సార్. ఒక పక్క అంచు పగిలింది."

అధికారి కాగితం చూసుకుని గీత పెట్టాడు. గుండమ్మ ఊపిరి వదిలింది.

"మీ ఎడ్ల పేర్లేంది?"

"మాకున్నది ఒక్కటే ఎద్దు సార్, మల్లిగాడు. దున్నుతందుకు రెండోది పొరుగోళ్ళది తెచ్చి కట్టేది."

ఇంకో గీత.

"ఊరిడిసి పోయిన దినం ఏం జరిగింది?"

 

"చెల్లె నీళ్ళకు పోయింది సార్. ఈడ బగ్గీ కదులుతాంది. చెప్పకుండనే పోవుడైంది. కరాచీల ఏ పొద్దు బువ్వ ముందట కూసున్నా అదే మాట. చెల్లెకు చెప్పకుండ ఒస్తిని, చెప్పకుండ ఒస్తిని, అని."

గుండమ్మకు దుఃఖం తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

"చిన్నప్పుడు చెల్లెను ఏమని ఎక్కిరిస్తుండె?"

 ఓరి దేవుడా, ఇదొక్కటీ అడగాలా! గుమ్మడికాయ, గుమ్మడికాయ అని గుండమ్మ లోపల్లోపల మొత్తుకుంది. అతని నుదుట చెమట పట్టింది.

"యాదికొస్తలేదు సార్."

శంకరప్ప చటుక్కున ముందుకు వంగాడు. "గిదేంది సాబ్! తోడబుట్టినోడు గిది మరుస్తడా? మొఖం జూస్తే నాకైతే గుర్తు తెలుస్తలేదు. రేపు ఏమన్నయితే నా పటేలగిరి పోతది. నేను దస్కతు పెట్ట."

అధికారి కలం మూత పెట్టేశాడు.

గుండమ్మ లేచి నిలబడింది.

"గుండమ్మా, కూసో!" మాణిక్యప్ప గదమాయించాడు.

"కూసోను. బయటికి పంపితే పంపుమను. పటేలా, మన్నళ్ళిల మా ఇల్లు ఎన్నడో వానకు కూలిపాయె. భూమి ఉన్నదా, జాగ ఉన్నదా? ఏం ఆశపడి ఒచ్చిండు ఈయన? నాగుల పంచమికి ఆడపిల్లను తోల్కపోతందుకు వాళ్ళ దిక్కు ఎవరొస్తరో సారును అడుగు. పన్నెండు పంచములు హుల్సూర్ల మా అత్తగారి గడప కాడ కూసొని తొవ్వ జూసిన. అందరి అన్నలొచ్చిరి. నాకెవ్వరు రాకపోయిరి. ఈ యేడు ఈయనొచ్చిండు. రైకబట్ట, పేలాల మూట పట్టుకొని మా అత్త ముందట నిలబడి, 'మా చెల్లెను తోలియ్యుండ్రి' అన్నడు. ఏడికి తోల్కపోతడు? ఆ కూలిన గోడల కాడికే తోల్కపోయి, మన్ను ఊడ్చి నన్ను కూసోబెట్టిండు. అన్న గాకుంటే గిట్ల ఎవ్వడు జేస్తడు?"

మాణిక్యప్ప ఆ మాటలన్నీ కన్నడంలో చెప్పాడు.  అధికారి గుండమ్మ వైపు తిరిగాడు.

"హన్నెరడు?"

"పన్నెండు సార్."

అధికారి కలం మూత తీశాడు. 'స్థానికుడే' అని రాసి కాగితాన్ని పటేలు ముందుకు తోశాడు. శంకరప్ప సణుక్కుంటూనే దస్కతు చేశాడు.

వరండాలోకి వచ్చి మాణిక్యప్ప మెల్లగా చెప్పాడు. "సారు గూడ ఈ యేడు పంచమికి సెలవు దొరక్క చెల్లె కాడికి పోలేదు. ఇగ నిన్ను ఎవ్వరు కదిలియ్యరు సిద్దయ్యా. పో, నిమ్మళంగ ఉండు."

అతను దణ్ణం పెట్టాడు. 

హుల్సూరు బస్సుకు ఇంకా టైముంది. ఇద్దరూ కోట గోడ నీడలో కూర్చున్నారు. గుండమ్మ మూట విప్పి రొట్టె అతని చేతిలో పెట్టింది. అతను తినేదాకా ఆగింది. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, కళ్ళు తుడుచుకుని అడిగింది.

"ఇగ జెప్పు అన్నా, మా సిద్దన్న ఎట్ల సచ్చిపోయిండు?"