మెడలోతు నీళ్లు

“ఈ సరస్సులో ఈత పోటీలకి నేను ఒప్పుకోను,” అన్నాడు తనిఖీ అధికారి, అర్జీని బల్ల మీద పక్కకి నెట్టేస్తూ.

పడవ అత్త కుర్చీలోంచి కదల్లేదు. ఊళ్లో చిన్నా పెద్దా అంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. మొగుడు పోయాక కూడా తెడ్డు వదలకుండా, మొత్తం నలభై ఏళ్లు జనాన్ని అవతలి ఒడ్డుకి చేర్చిన మనిషి. పక్కన నిలబడ్డ కోడలు మాత్రం గుమ్మం వైపే చూస్తోంది. కాపురానికొచ్చి ఎనిమిది నెలలే అయినా, అత్తగారు ఆఫీసుల్లో నోరు విప్పితే ఏమవుతుందో ఆమెకి ఈపాటికే తెలుసు.

“ఎందుకు ఒప్పుకోరు?”

“ప్రమాదం కాబట్టి.”

“వంతెన కట్టారు, మంచిదే. మా రేవు ఏమైపోతుందని ఎవరైనా అడిగారా? పడవలు బోర్లించి కూర్చున్నాం. రేవు వీధిలో పదకొండు ఇళ్లకి తాళాలు పడ్డాయి. నా కొడుకు ఎక్కడో లారీ తోలుకుంటున్నాడు. ఇదేం ప్రమాదంలా కనిపించలేదా మీకు?”

“నా పని నీళ్ల వరకేనమ్మా.”

“నేనూ నీళ్ల గురించే చెబుతున్నా. పోయినేడు దారి తప్పి ఇద్దరు ఈతగాళ్లు వచ్చారు. మా ఇంట్లోనే నాలుగు రోజులున్నారు. ఇలాంటి సరస్సు కోసం తమలాంటివాళ్లు దేశమంతా వెతుక్కుంటున్నారట. వస్తే ఒంటరిగా రారు, పెళ్లాం పిల్లల్ని తెచ్చుకుంటారు. ఈదేది గంట, ఉండేది మూడు రోజులు. వాళ్లకి గది కావాలి, తిండి కావాలి. తాళాలు తీయడానికి మాకింకో దారి లేదు.”

అధికారి అర్జీని మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. “కుర్రాళ్లంటే ఈదుతారు. అరవై దాటినవాళ్లకీ పోటీ అని రాశారే. ఆ వయసులో కిలోమీటరున్నర ఎవరు ఈదుతారండీ?”

“నాకు అరవై రెండు,” అంది పడవ అత్త లేచి నిలబడుతూ. “రేపు పొద్దున ఏడింటికి రేవుకి రండి. మీ కళ్లముందే ఈదుతాను.”

అధికారి నవ్వాడు. “అలాగే. మీరు అవతలి ఒడ్డు చేరితే, నేను అక్కడికక్కడే సంతకం పెడతాను.”

మర్నాడు ఏడు కొట్టేసరికి ఊరు ఊరంతా రేవులోనే ఉంది. రొట్టెల దుకాణం మూసేసి వచ్చాడు దాని యజమాని. “నీళ్ల మీదే బతికిన మనిషి, చేపలా దూసుకుపోతుంది చూడు,” అంటున్నాడు పక్కనున్న టైలరుతో. అధికారి ఫైలు చంకలో పెట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు.

పడవ అత్త చెప్పులు విడిచి కోడలి చేతికిచ్చింది. ఇస్తూ ఆమె మణికట్టు ఒక్క క్షణం గట్టిగా పట్టుకుంది.

“చేతులు ఇంత చల్లగా ఉన్నాయేంటి అత్తయ్యా?”

“పొద్దున్నే కదా. నువ్వెళ్లి నీళ్లు కాచిపెట్టు.”

కోడలు వెళ్లలేదు. అత్తగారు నీళ్లలోకి దిగడం చూస్తూ అక్కడే ఉండిపోయింది. మోకాళ్లదాకా, నడుందాకా, గుండెల దాకా. తొందర లేదు, వెనక్కి చూడటం లేదు. మనిషి నడుస్తోంది, అంతే.

“ఈత మొదలుపెట్టరేంటి?” అని కేకేశాడు అధికారి.

“లోతు రానివ్వండి.”

మెడ దాకా వచ్చాయి నీళ్లు. ఆవిడ గడ్డం పైకెత్తి ఇంకో అడుగు వేసింది. ఆ తర్వాత మరొకటి. రొట్టెలాయన జనాన్ని తోసుకుంటూ గట్టు అంచుకి వచ్చాడు. గట్టు మీద నుంచి చూస్తే నెరిసిన జుట్టు, నుదురు, ముక్కు, అంతకుమించి ఏమీ కనిపించడం లేదు. ఆవిడింకా నడుస్తూనే ఉంది.

అధికారి ఫైలు పడేసి బూట్లతోనే నీళ్లలోకి పరుగెత్తాడు. “ఆగండమ్మా, ఆగండి. మీకేమైనా అయితే నా మెడకి చుట్టుకుంటుంది. సంతకం పెడతాను, బయటికి రండి.”

ఆవిడ ఆగింది. మెల్లగా ఇటు తిరిగి రెండడుగులు గట్టు వైపు వేసింది. “ఈదనివ్వరా?”

“వద్దు. మీ పంతం చూశాను, చాలు. ఒక్కటే షరతు. ఐదుగురు ఈతగాళ్లకి ఒక పడవ చొప్పున తోడు వెళ్లాలి.”

“పడవలకేం కొదవ,” అంది పడవ అత్త. గట్టెక్కాక దుప్పటి కప్పినా ఆవిడ వణుకు తగ్గలేదు. టీ గ్లాసు పట్టుకోలేకపోతే కోడలే తాగించింది.

ఆ ఏడు ఎనభై మంది ఈతగాళ్లొచ్చారు. మరుసటేడు వాళ్లు తలా ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చారు. బోర్లించిన పడవలు రంగులేసుకుని నీళ్లలో పడ్డాయి. రేవు వీధిలో తాళాలు ఒక్కొక్కటే ఊడి, కిటికీల్లో పరుపులు ఎండకి ఆరడం మొదలైంది. రొట్టెలాయన రెండో పొయ్యి పెట్టించాడు. లారీ వదిలేసి ఇంటికొచ్చిన కొడుకు ఇప్పుడు తోడు పడవల జట్టుకి పెద్ద.

మూడో ఏడు పోటీలకి వారం ముందు అధికారి స్వయంగా ఇంటికొచ్చాడు. చేతిలో ఒక ఫారం ఉంది. “అరవై దాటినవాళ్ల పోటీలో మొదటి పేరు మీదే రాశానమ్మా. ఆ రోజు నేనే అడ్డుపడ్డాను. ఆ తప్పు దిద్దుకోనివ్వండి.”

“రేవులో నాకు బోలెడు పని. ఇంకెవరి పేరైనా రాసుకోండి.”

ఎంత బతిమాలినా ఆవిడ దిగిరాలేదు. ఆయన ఫారం బల్ల మీదే ఉంచి చిన్నబోయి వెళ్లిపోయాడు.

కోడలు ఊరుకోలేకపోయింది. “మీరు ఈదితే చూడాలని ఊరంతా ఆశపడుతోంది అత్తయ్యా. అధికారి ముందు మెడలోతు దాకా వెళ్లిన మనిషి, ఇప్పుడు వెనక్కి తగ్గడమేంటి?”

అత్తగారు ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి, తలుపు దగ్గరగా వేసింది.

“నాకు ఈత రాదే పిల్లా.”